పాత ఇంజిన్‌లో పొల్యూషన్ పైపులన్నీ పీకేయాలా?

ప్రశ్న: నాది 1980ల నాటి కార్బురేటర్ కారు. బోనెట్ ఎత్తితే సన్న రబ్బరు పైపులు సాలెగూడులా అల్లుకుని ఉంటాయి. కొంతకాలంగా ఐడ్లింగ్‌లో ఇంజిన్ ఊగిపోతోంది, సిగ్నల్ దగ్గర ఆగిపోతోంది, మైలేజీ పడిపోయింది, ఎండలో నిలబెడితే పెట్రోలు వాసన. మెకానిక్ ఏమో "అవన్నీ పొల్యూషన్ కోసం పెట్టిన దండగ సామాన్లు సార్, పీకేసి బిరడాలు కొట్టేద్దాం, బండి పరిగెడుతుంది" అంటున్నాడు. పీకించేయమంటారా?

జవాబు: ఆగండి. మీ మెకానిక్ మాటలో సగం నిజమే. అప్పట్లో పొగ నిబంధనలు ఒకదాని వెనక ఒకటి వచ్చిపడ్డాయి, ఇంజిన్‌ను మొదట్నుంచీ కొత్తగా గీసే తీరిక లేక చాలా కంపెనీలు ఉన్న ఇంజిన్‌కే ఒక్కో సామాను తగిలించుకుంటూ పోయాయి, పైగా కంప్యూటర్ లేదు కాబట్టి ఏది ఎప్పుడు తెరవాలో, ఎప్పుడు మూయాలో చెప్పే పనంతా ఆ పైపుల్లోని వాక్యూమ్ (ఇంజిన్ గాలి పీల్చే లాగుడు) మీదే పడింది. ఇంజిన్ వేడెక్కాక ఒక వాల్వ్ తెరవాలన్నా దానికో పైపు, మధ్యలో ఇంకో స్విచ్. చూడటానికి గందరగోళమే. కానీ మీరు చెప్పిన జబ్బులు ఆ సామాన్ల వల్ల వచ్చినవని నాకనిపించడం లేదు. నా అనుమానమంతా ముసలిదైపోయిన రబ్బరు మీదే.

ఏదో ఒక పైపును మొదట్లో, అంటే నిపుల్ (పైపు తొడిగే చిన్న గొట్టం) మీదికి ఎక్కే చోట, వేళ్లతో వంచి చూడండి. వెంట్రుకవాసి పగుళ్లు కనిపిస్తే, లేదా రబ్బరు ప్లాస్టిక్‌లా గట్టిపడి పట్టు లేకుండా ఊడొస్తే, అక్కణ్నుంచి కార్బురేటర్ లెక్కలో లేని గాలి లోపలికి పోతోందన్నమాట. పెట్రోలు-గాలి మిక్చర్ పల్చబడుతుంది, ఐడ్లింగ్ ఊగుతుంది. ఇంజిన్ నడుస్తుండగా ఒక్కో పైపునూ మొదట్లో నొక్కి పట్టుకోండి, ఏది నొక్కినప్పుడు ఇంజిన్ కుదుటపడిందో లీకు ఆ దారిలోనే ఉంది. క్లీనర్ స్ప్రే కొట్టి లీకులు వెతికేవాళ్లున్నారు, వేడి మానిఫోల్డ్ మీద అది అంటుకుంటే ఏమవుతుందో చెప్పక్కర్లేదు, ఆ జోలికి పోకండి. పైపులు మార్చేటప్పుడు ముందు ఫొటోలు తీసుకుని, ఒకటి ఊడదీసి అదే పొడవు కొత్తది తొడిగాకే రెండోదాని మీద చెయ్యి వేయండి. పెట్రోలు ఆవిరి వెళ్లే పైపులకు మాత్రం పెట్రోలు తట్టుకునే రబ్బరే వాడాలి. చాలా కార్లలో బోనెట్ లోపలివైపు పైపుల బొమ్మతో ఒక స్టిక్కర్ ఉంటుంది, చెరిగిపోకపోతే అదే మీకు దిక్కు.

తర్వాత ఈజీఆర్ వాల్వ్. అందరూ తిట్టేది దీన్నే. కాలిన పొగను కొంచెం వెనక్కి ఇంజిన్‌లోకి పంపడం దీని పని, దానివల్ల మంట వేడి తగ్గి నైట్రోజన్ ఆక్సైడ్లు తక్కువ పుడతాయి. పొగ మళ్లీ లోపలికా, పికప్ పోదూ అంటారు. అసలు సంగతేమిటంటే చాలా ఇంజిన్లలో స్పార్క్ టైమింగూ, పెట్రోలు వదిలే కార్బురేటర్ జెట్లూ ఈజీఆర్ ఉందన్న లెక్కతోనే కుదిర్చారు, అది మూసేసి మిగతావి అలాగే వదిలేస్తే ఒక మోస్తరు యాక్సిలరేషన్‌లో ఇంజిన్ టకటకమని నాకింగ్ మొదలుపెడుతుంది. ఐడ్లింగ్‌లో ఈ వాల్వ్ మూసుకుని ఉండాలి. మసి పట్టి తెరుచుకునే ఉండిపోయిందనుకోండి, అచ్చం మీరు రాసిన లక్షణాలే: ఊగడం, ఆగిపోవడం. ఇంజిన్ ఐడ్లింగ్‌లో ఉండగా (చేతికి మందపాటి గుడ్డ చుట్టుకుని) వాల్వ్ డయాఫ్రంను (వాల్వ్‌ను కదిపే పల్చని పొర) కింద నుంచి పైకి నెట్టండి. ఇంజిన్ తడబడితే దారి బాగున్నట్టు. ఏ తేడా లేకపోతే దారి మసితో మూసుకుపోయుండొచ్చు, విప్పి గీకించండి. డయాఫ్రంను మాత్రం సాల్వెంట్‌లో ముంచనివ్వకండి, చచ్చిపోతుంది.

పీసీవీ వాల్వ్ తీసేస్తానంటే అసలు ఒప్పుకోకండి. 1960ల తొలినాళ్ల నుంచీ ఉన్న సామాను ఇది, పొగ సంగతి పక్కనపెట్టినా ఇంజిన్‌కు మేలు చేసేదే: ఆయిల్ గదిలోకి జారిన పొగను లాగేస్తుంది. అది లేకపోతే లోపల ఒత్తిడి పెరిగి సీళ్ల నుంచి ఆయిల్ కారుతుంది, ఆయిల్ బురదవుతుంది. బయటికి తీసి ఊపితే లోపల గలగలమనాలి, లేకపోతే మార్చేయండి.

పెట్రోలు వాసనకు ముందుగా వెతకాల్సింది బొగ్గు క్యానిస్టర్ దగ్గర. ట్యాంకు ఆవిరిని పట్టి ఉంచి, బండి నడిచేటప్పుడు ఇంజిన్‌కు ఇచ్చే డబ్బా అది. దాని పైపు చీలినా ఊడినా వాసన వస్తుంది, దాన్నే పీకేస్తే ఇంకా ఎక్కువ వస్తుంది. అయితే కార్బురేటర్ దగ్గరా, పెట్రోలు పైపు దగ్గరా తడి ఉందేమో కూడా చూడండి, అక్కడ కారుతుంటే బండి కదపకండి.

పొగదారిలోకి తాజా గాలి ఊదే ఎయిర్ పంపు ఉంటే అది తినే పవర్ తక్కువే, దాన్ని తీసి మీరు సంపాదించేదేమీ లేదు. ఇక చట్టం సంగతి: చాలా దేశాల్లో వీటిని తీసేయడం నేరం. పీకిన సామాను డబ్బాలో పారేసి, బండి అమ్మేటప్పుడో టెస్టుకు వెళ్లేటప్పుడో వెతుక్కునేవాళ్లకు లెక్కే లేదు.

ప్రశ్న: నా పాత కారు కేటలిటిక్ కన్వర్టర్ లోపల ఏదో గలగలమంటోంది, స్పీడు కూడా అందుకోవడం లేదు. లోపలిది పొడిచేసి ఖాళీ డబ్బా ఉంచితే సరిపోతుందంటున్నారు, నిజమేనా?

జవాబు: కన్వర్టర్ అంటే పొగలోని విషవాయువులను తగ్గించే డబ్బా; దాని లోపల తేనెపట్టులా ఉండే దిమ్మ ముక్కలైంది, ఆ ముక్కలే పొగదారికి అడ్డం పడి ఉండాలి. ఖాళీ డబ్బా పెడితే పొగ తీరు పాడవుతుంది, టెస్టులో దొరికిపోతారు. కొత్తది వేయించేముందు పాతది ఎందుకు పోయిందో తేల్చుకోండి. మిస్‌ఫైర్ అయిన సిలిండర్ నుంచి కాలని పెట్రోలు వెళ్లి అక్కడ మండితే తేనెపట్టు కరిగిపోతుంది, ఇంజిన్ ఆయిల్ తాగుతున్నా దాని మీద పూత పట్టి పనిచేయదు. కాబట్టి ముందు ప్లగ్గులు, వైర్లు, మిక్చర్ చూపించండి. కొత్త కన్వర్టర్ ఆ తర్వాతే.