తాతగారి వాచీకి కొత్త మొహం పెట్టించకండి

‘చనిపోయిన తాతగారి బీరువాలో పాత కీ వాచీ దొరికింది. ఏ కాలం నాటిదో, ఎంత చేస్తుందో తెలిసేదెలా?’ అని అడిగారు. ధర సంగతి తర్వాత. ముందు దాన్ని మీ చిన్నాన్న చేతికి ఇవ్వకండి.

నేనిచ్చాను. మా తాత నెల్లిమర్ల జూట్ మిల్లులో పనిచేసేవారు. ఆయనది ఫావ్రే-లూబా, 1737లో పుట్టిన స్విట్జర్లాండ్ కంపెనీ. మా ఇంట్లో మాత్రం అందరికీ అది ‘ఫేవర్లూబా’. డయల్ టీ ఒలికిన కాగితంలా గోధుమరంగుకి తిరిగింది. చిన్నాన్న దాన్ని విశాఖలో ఏదో షాపుకి పట్టుకెళ్లి, రెండు వారాల్లో పెళ్లికొడుకుని చేయించి తెచ్చాడు. తెల్లటి డయల్, తళతళలాడే కేసు. ఇంటిల్లిపాదీ మురిసిపోయాం.

ఆ మురిపెంతోనే విజయనగరం గంటస్తంభం దగ్గర బల్ల వేసుకుని కూర్చునే ముసలి మెకానిక్ దగ్గరికి వెళ్లాను. (ఇప్పుడు వాచీ షాపంటే సెల్ మార్చడమే. మూత తీసి మెషిన్ చూసేవాళ్లు ఎక్కడున్నారు?) ఆయన కంటికి అద్దం తగిలించుకుని డయల్ చూశాడు, ఏమీ అనలేదు. వెనక మూత తిప్పి తీశాడు.

"మెషిన్ అసలుదే బాబూ. మొకమే మార్సీసినారు."

అద్దం నాకిచ్చి చూపించాడు. కంపెనీ పేరులో అక్షరాలు అలికినట్టున్నాయి. నిమిషాల గీతలు అంకెలకి ఎదురుగా లేవు. అడుగున ఉండాల్సిన ‘స్విస్ మేడ్’ అసలే లేదు. పాత రంగు గీకేసి, అదే రేకు మీద మళ్లీ అచ్చు వేశారు. ఇక వెనక్కి తెచ్చేదేం లేదు. అలా వదిలేసి ఉంటే ఏడెనిమిది వేలకి అడిగేవారని, ఇప్పుడు మూడు కూడా కష్టమేనని ఆయన లెక్క.

మూత లోపల సూదితో గీసిన తారీకులు కనిపించాయి. సర్వీసు చేసినప్పుడల్లా మెకానిక్కులు పెట్టుకునే గుర్తులవి. 1968 నుంచి 1983 దాకా ఆరు. చెప్పు తెగితే మేకు కొట్టించుకుని తిరిగిన మనిషి, వాచీకి మాత్రం మూడేళ్లకోసారి ఆయిల్ వేయించాడన్నమాట! ఈ సంగతి ఇంట్లో ఎవరికీ తెలీదు.

మీరూ మూత తీయించండి. అటూ ఇటూ ఊగే చక్రం (బ్యాలెన్స్ చక్రం) కింద సన్నటి నంబరు ఉంటుంది, అది మెషిన్ మోడల్. కాలం దాన్నిబట్టే తేలుతుంది. మూత మీద ‘స్టెయిన్‌లెస్ స్టీల్ బ్యాక్’ అని ఉంటే మూత ఒక్కటే స్టీలు, మిగతా కేసు మామూలుగా ఇత్తడి మీద పూత. ‘20 మైక్రాన్స్’ అంటే బంగారు పూత, బంగారం కాదు. ఈ ముక్క మా అత్త బుర్రకి ఇప్పటికీ ఎక్కదు, తన వాటా అడుగుతూనే ఉంది.

ఒకవేళ మీది హెచ్ఎంటీ అయితే 1961 కంటే పాతది కాదు. జపాన్ సిటిజన్ కంపెనీ సాయంతో బెంగళూరులో వాళ్ల వాచీల తయారీ అప్పుడే మొదలైంది. ఆన్‌లైన్‌లో ఎర్ర డయల్, ఊదా డయల్ ‘జనతా’లు (హెచ్ఎంటీ వాచీల్లో ఒక మోడల్) ‘రేర్’ అని అమ్ముతుంటారు. వాటిలో చాలావాటి మొహాలకి ఆ ఫ్యాక్టరీతో సంబంధమే లేదు. వాటి ధర చూసి మీ వాచీకి లెక్క కట్టుకోకండి.

పైన అద్దం గీతలు పడి ఉంటే టూత్‌పేస్టుతో రుద్దుకోండి. ఆ కాలం వాచీల్లో చాలావరకు ప్లాస్టిక్కే, పోయేదేం లేదు. డయల్ జోలికి మాత్రం వెళ్లొద్దు. చిన్నాన్న అడిగితే ఎక్కడో పెట్టి మర్చిపోయానని చెప్పండి.