పొలమారగానే నీళ్లు ఇవ్వకండి

మీ అమ్మగారికి పార్కిన్సన్స్ వల్ల మింగడం నెలనెలకూ కష్టమవుతోందని, అన్నం కన్నా మంచినీళ్లకే ఎక్కువగా పొలమారుతోందని రాశారు. గుంటూరులో మా నాన్నగారికీ ఇలాగే మొదలైంది.

ఆయనకు పొలమారినప్పుడల్లా అమ్మ మాడు మీద తట్టి, "ఎవరో తలచుకుంటున్నారు" అంటూ నీళ్ల గ్లాసు అందించేది. దగ్గు ఇంకా పెరిగేది. గొంతు కండరాలు నెమ్మదించిన మనిషికి నీళ్లే ఎక్కువ ప్రమాదం. అవి జారే వేగానికి శ్వాసనాళం సమయానికి మూసుకోదు. నాన్నగారికి న్యుమోనియా వచ్చాక గానీ ఈ సంగతి మాకు తెలియలేదు. పొలమారితే ముందుకు వంగి దగ్గనివ్వండి. గొంతు తేటపడ్డాకే మరో ముద్ద. ఊపిరి, మాట రాకపోతే 108కి ఫోన్ చేయాల్సిందే.

న్యూరాలజిస్టు మమ్మల్ని స్పీచ్ థెరపిస్టు దగ్గరకు పంపారు. మాటలు నేర్పేవారికి మింగడంతో ఏమి పని అనుకున్నాను, కానీ మింగడాన్ని పరీక్షించేది వాళ్లే. ఎక్స్‌రేలో కనిపించే బేరియం అనే పదార్థం కలిపిన ఆహారం మింగిస్తూ ఎక్స్‌రేలో చూస్తే, దగ్గు రాకుండానే కొంత ఊపిరితిత్తుల వైపు జారింది. కాబట్టి దగ్గు లేదని ధైర్యపడకండి. తిన్నాక గొంతు గరగరలాడినా, తరచూ జ్వరం వస్తున్నా, బరువు తగ్గుతున్నా వెంటనే చూపించండి.

చారన్నం, మజ్జిగన్నం మానేశాం. నోట్లో మెతుకులు ఒకవైపు, నీళ్లు ఒకవైపు పోయే తిండి ఇలాంటివారికి చాలా కష్టం. మజ్జిగ లేనిదే నాన్నగారికి భోజనం ముగిసేది కాదు. అందుకే అన్నాన్ని గట్టి పెరుగుతో మెత్తగా రుబ్బి పెట్టేవాళ్లం. కారం తగ్గించిన గోంగూర కాస్త నాలుకకు తగిలితే ఆయన ముఖం విప్పారేది. మందు పనిచేసి ఒళ్లు చురుగ్గా ఉన్న వేళ చూసి, నిటారుగా కూర్చోబెట్టి తినిపించేవాళ్లం. తిన్నాక అరగంట పడుకోనివ్వలేదు. రెండు పూటలా నోరు శుభ్రం చేయడం మానకండి, ఎందుకంటే నోటి క్రిములే ఉమ్మితో ఊపిరితిత్తులకు చేరతాయి. మాత్రలు నలిపే ముందు డాక్టరును అడగండి.

ముందుముందు ఆహారం పంపడానికి పొట్టకు గొట్టం అమర్చే మాట రావచ్చు. అమర్చినా ఉమ్మి పొలమారడం ఆగదు. అమ్మగారికి మాట స్పష్టంగా ఉన్నప్పుడే ఆమె ఇష్టం అడగండి. మేము అడిగితే నాన్నగారు, "నోటితో తినగలిగినంత కాలం తింటాను తల్లీ" అన్నారు. ఆ మాట విన్నాక అమ్మ "ఇంకొక్క ముద్ద" అని బలవంతం చేయడం మానేసింది.