ఆకారమంతా పనికోసమే అయితే డిజైన్ రిజిస్ట్రేషన్ నిలుస్తుందా?

మీరు చేసే టిఫిన్ బండి డిజైన్ తమదంటూ వేరే కంపెనీ నోటీసు పంపింది, ఆ ఆకారం పనికోసం వచ్చిందే కదా, రిజిస్ట్రేషన్ కొట్టేయించొచ్చా అని అడిగారు. కొట్టేయించొచ్చు. కాకపోతే "ఇది పనికొచ్చే ఆకారం" అని చూపిస్తే సరిపోదు. నేనూ మొదట అంతే అనుకున్నాను.

నాది ఆటోనగర్‌లో ఫైబర్ పని. ఫిషింగ్ హార్బర్ వాళ్లకి చేపల ఐస్ పెట్టెలు చేస్తాం. కొన్నేళ్ల కిందట మాకూ ఇలాంటి నోటీసే వచ్చింది. నోటీసు పంపినవాళ్ల ఫోటోల్లో పెట్టె అడుగు ఒక మూలకి వాలుగా ఉంది, ఆ మూలలో కన్నం, పై అంచున గాడి, పక్కల మీద అలల్లాంటి గీతలు. ఆ ఫోటోలు పట్టుకుని తెల్లారే హార్బర్‌కి వెళ్లి, చేపలు అమ్మే ఒక పెద్దమ్మకి చూపించాను. "ఈ వాలు లేకపోతే ఐసు నీళ్లు అడుగున నిలబడిపోతాయి బాబూ, కింద చేప మెత్తబడిపోద్ది" అంది. గాడి ఒక పెట్టె మీద ఇంకోటి జారకుండా కూర్చోడానికి. అలల గీతల మీద వేలు పెట్టి, "ఇవి అందానికేమో" అంది. మా జవాబంతా ఆ మాటల మీదే నిలబడింది.

2000 నాటి డిజైన్ల చట్టంలో సెక్షన్ 2(డి) చూడండి. డిజైన్ అంటే కంటికి కనిపించే రూపం. నిర్మాణ పద్ధతి గానీ, అసలు సారంలో ఉత్త యంత్ర పరికరమే అయినది గానీ అందులోకి రాదు. అసలు చిక్కు ఇక్కడే ఉంది: పని చేసే ఆకారం కంటికి కూడా నచ్చేలా ఉంటే? ఇంగ్లండులో 1959లో వేడినీళ్ల రబ్బరు సంచీ కేసు వచ్చింది. దాని మీది ఏటవాలు గట్లు వేడిని బయటికి పంపే పనికోసం పెట్టినవే. అయినా అదే పని నిలువు గట్లతోనో అడ్డ గట్లతోనో జరిగేది కాబట్టి డిజైన్ నిలిచింది. అమెరికాలో 1996లో తాళంచెవి బ్లేడు మీది డిజైన్ పేటెంటు (మన డిజైన్ రిజిస్ట్రేషన్ లాంటిదే) మాత్రం చెల్లలేదు. ఆ తాళంలో దూరాలంటే దానికి ఇంకో ఆకారం కుదరదు మరి. కాబట్టి మీ బండిలో ఒక్కో భాగం ముందు నిలబడి, ఇదే పని వేరే ఆకారంతో అవుతుందా అని అడగండి. అవుతుందంటే ఆ భాగం మీద మీ వాదన బలహీనమే.

పాత ఫోటోలు, బిల్లులు వెతకండి. వాళ్ల రిజిస్ట్రేషన్ తేదీకి ముందే అలాంటి బండి బజార్లో ఉందని చూపగలిగితే, నా లెక్కలో అదే పనికోసం అన్న వాదన కంటే గట్టిది. రెండూ సెక్షన్ 19 కింద రద్దుకి కారణాలే. ఫారం 8తో కోల్‌కతాలో, డిజైన్లు రిజిస్టర్ చేసే ఆఫీసులో కంట్రోలర్ దగ్గర పిటిషన్ వేయొచ్చు. వాళ్లే దావా వేస్తే సెక్షన్ 22(3) కింద అవే కారణాలతో ఎదురు నిలవొచ్చు, అప్పుడు కేసు హైకోర్టుకి బదిలీ అవుతుంది.

మేం లాయరు చేత, వాలు, గాడి ఎవరి సొత్తూ కాదని జవాబు రాయించాం. మా అచ్చులో ఉన్న అలల గీతలు మాత్రం పుట్టీ పెట్టి పూడ్చేశాం. అవి నిజంగా వాళ్ల ఊహే, వాటిని వాడుకోవడం నాకు తప్పనిపించింది. తర్వాత వాళ్ల నుంచి ఉత్తరం రాలేదు.

వాళ్లు రిజిస్టర్ చేయించిన బొమ్మల కాగితాల మీద కొత్తదనం ఎక్కడుందో చెప్పే వాక్యం ఒకటి ఉంటుంది. అది ఆకారం గురించా, పైన వేసిన నగిషీ గురించా అన్నదాన్ని బట్టే మీ జవాబు మారుతుంది. ఆ వాక్యం, మీ బండి ఫోటోలు ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాను.