చదవడానికి కష్టమా, చదవడం కష్టమా?

సందేహం: నరసన్నపేట దగ్గర ఒక హైస్కూల్లో ఇంగ్లీషు చెబుతున్నాను. 'దిస్ బుక్ ఈజ్ హార్డ్ టు రీడ్' అనే వాక్యాన్ని తెలుగులో రాయమంటే ఒక అమ్మాయి 'ఈ పుస్తకం చదవడానికి కష్టం' అని రాసింది. తప్పని కొట్టేశాను. మా తెలుగు మాస్టారు అందులో తప్పేమీ లేదంటున్నారు. ఇంకోటి, 'ఐ ఫౌండ్ ఇట్ డిఫికల్ట్ టు రీడ్' అనేదానికి పిల్లల గైడులో 'నేను దానిని చదవడం కష్టంగా కనుగొన్నాను' అని ఉంది. ఇవి సరైనవేనా? – ఒక ఉపాధ్యాయురాలు, శ్రీకాకుళం జిల్లా

సమాధానం: అమ్మా, రెండోది ముందు తేల్చేద్దాం. 'కష్టంగా కనుగొన్నాను' తెలుగు కాదు. పోయిన వస్తువును కనుక్కుంటాం, దారి కనుక్కుంటాం, ఊళ్ళో ఎవరిల్లు ఎక్కడో కనుక్కుంటాం. కష్టాన్ని ఎవరూ కనుక్కోరు. 'నాకు చదవడం కష్టమైంది', 'కష్టమనిపించింది' అంటే చాలు. పిల్లలు గైడులో ఉన్నది ఉన్నట్టు బట్టీపడతారు. అలాంటి పుస్తకంలో ఇలాంటి వాక్యం అచ్చు వేయడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది.

ఇక మొదటిది. ఇందులో మీరూ, మీ తెలుగు మాస్టారూ ఇద్దరూ కొంత కొంత సరిగానే ఉన్నారు. ఎందుకో చెప్పాలంటే కొంచెం దూరం వెళ్ళాలి.

'దిస్ బుక్ ఈజ్ హార్డ్ టు రీడ్' అన్నప్పుడు కర్త పుస్తకం. కానీ కష్టం పుస్తకంలో లేదు, చదవడంలో ఉంది. చదవడానికి కర్మగా ఉండవలసిన పుస్తకాన్ని ఇంగ్లీషు వాక్యం ముందుకు లాగి కర్త పీట మీద కూర్చోబెట్టింది. 'దిస్ చైర్ ఈజ్ హార్డ్ టు సిట్ ఆన్' అన్నదాంట్లో చివరి 'ఆన్' పిల్లలు తరచూ వదిలేస్తారు. అది ఎందుకుండాలో ఇప్పుడు మీరు చెప్పవచ్చు. కుర్చీ ముందుకు వెళ్ళిపోయింది, దాని విభక్తి మాత్రం వెనకే ఉండిపోయింది.

ఈ పద్ధతి ఇంగ్లీషు వాళ్ళకే సొంతం అనుకోకండి. సంస్కృతంలో దీనికి పాణిని ఒక సూత్రమే ఇచ్చాడు: 'ఈషద్దుఃసుషు కృచ్ఛ్రాకృచ్ఛ్రార్థేషు ఖల్'. కష్టం, తేలిక అనే అర్థాల్లో ఈషత్, దుర్, సు అనేవి ముందు చేరితే ధాతువుకు ఖల్ అనే ప్రత్యయం వస్తుందని భావం. సుకరం, దుష్కరం, దుర్లభం, దుస్సహం ఇలా పుట్టినవే. వ్యాఖ్యాతలు దీనికి చాప అల్లడాన్ని ఉదాహరణగా ఇస్తారు. చాప మీ చేత సుకరం, మీ చేత దుష్కరం అన్నట్టుగా వాక్యం ఉంటుంది. అక్కడ సుకరమైనది చాప, అల్లడం కాదు. అచ్చం ఇంగ్లీషు వాక్యం నడక! రెండున్నర వేల ఏళ్ళ నాటి వ్యాకరణంలో 'చెయ్యడానికి కష్టం' అన్న ఒక్క భావానికి ప్రత్యేకంగా సూత్రం ఉందంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది.

ఇక్కడే 'సులభం' గురించి చెప్పకుండా ఉండలేను. సు, లభ్ కలిసిన మాట అది. 'దొరకడానికి తేలికైనది' అని దాని అసలు అర్థం. దుర్లభం దానికి ఎదురు మాట: దొరకడం కష్టమైనది. మామిడిపండ్ల కాలంలో పండు సులభం, సంక్రాంతి నాటికి దుర్లభం. చెయ్యడానికి తేలికైతే అది సుకరం కావాలి. మనం సుకరాన్ని పుస్తకాల్లో వదిలేసి 'సులభంగా లెక్క చేశాడు', 'సులభంగా గోడ దూకాడు' అంటున్నాం. లెక్కలోనూ గోడలోనూ దొరకడం ఎక్కడుంది? ఈ వాడుక తప్పని ఇప్పుడు కొట్టేయలేం, అది స్థిరపడిపోయింది. కానీ దుర్లభానికి మాత్రం పాత అర్థమే మిగిలింది. 'ఈ లెక్క దుర్లభం' అని ఎవరూ అనరు. జంటలో ఒకటి ఊరు మారింది, రెండోది పుట్టినింట్లోనే ఉంది. కోటకు దుర్గమని పేరు రావడం కూడా ఈ కోవలోదే. చొరబడడం కష్టమైన చోటు అది.

మరి తెలుగు ఏం చేస్తుంది? తెలుగు కష్టాన్ని వస్తువు మీద కాక పని మీద మోపుతుంది. అది పడే మనిషికి 'కు' చేరుస్తుంది. దీనికి పోతన పద్యం కంటే మంచి సాక్ష్యం నాకు తెలియదు.

భాగవతముఁ దెలిసి పలుకుట చిత్రంబు
శూలికైనఁ దమ్మిచూలికైన
విబుధజనులవలన విన్నంత కన్నంత
తెలియవచ్చినంత తేటపఱతు

శూలి శివుడు, తమ్మిచూలి తామరలో పుట్టిన బ్రహ్మ. భాగవతాన్ని తెలిసి చెప్పడం వాళ్ళకైనా అబ్బురమే, అంత కష్టం అంటున్నాడు. మొదటి మాట తర్వాత అరసున్న (ఁ) చూడండి. 'భాగవతమును'లోని 'ను'కు మిగిలిన గుర్తు అది. భాగవతము ఇక్కడ ప్రథమలో లేదు, ద్వితీయలో ఉంది. అంటే అది కర్మ. కర్త స్థానంలో ఉన్నది 'పలుకుట'. ఎవరికి కష్టం? 'శూలికైన', 'తమ్మిచూలికైన'. పని కర్త అయింది, మనిషికి 'కు' వచ్చింది, పుస్తకం తన చోటు కదల్లేదు. పదిహేనో శతాబ్దంలో వేసిన ఈ కట్టు ఇవాళ్టికీ అలాగే ఉంది. 'భాగవతం అర్థం చేసుకుని చెప్పడం పండితులకైనా కష్టం' అంటాం, 'ట' పోయి 'డం' వచ్చింది, అంతే. ఆటవెలదిలో ఇంత బరువైన మాట ఇంత తేలిగ్గా చెప్పి, 'తెలిసినంత తేటపరుస్తాను' అని వినయంగా తన పని మొదలుపెట్టాడు. ఆ పద్యం పిల్లల చేత పాడించండి. ఇంగ్లీషు క్లాసులోనైనా సరే.

ఇప్పుడు మీ విద్యార్థిని రాసిన వాక్యం. 'చూడ్డానికి బాగుంది', 'వినడానికి ఇంపుగా ఉంది', 'తినడానికి రుచిగా ఉంది' అని మనం రోజూ అంటాం. వీటి పక్కన 'చదవడానికి కష్టంగా ఉంది' అన్నది పరాయిదిగా వినిపించదు. మీ తెలుగు మాస్టారు ఈ వరస చూసే తప్పులేదని ఉంటారు. కానీ ఇదే అచ్చుతో 'ఈ ప్రశ్న జవాబు చెప్పడానికి కష్టం' అని రాస్తే కుంటుతుంది. ప్రశ్నకు 'కు' లేదు. 'ఈ ప్రశ్నకు జవాబు చెప్పడం కష్టం' అనాలి. 'ఆయన మెప్పించడానికి కష్టం' అంటే ఎవరు ఎవరిని మెప్పించాలో తెలియదు. 'ఆయన్ని మెప్పించడం కష్టం' అంటే తేటగా ఉంది. అందుకని 'చదవడానికి కష్టంగా ఉంది' అంటే ఒప్పుకుంటాను. 'చదవడానికి కష్టం' అని ఆపేస్తే నా చెవికి అరకొరగా తోస్తుంది. నేర్పవలసింది మాత్రం 'ఈ పుస్తకం చదవడం కష్టం' అనే వాక్యాన్నే. ఆ అమ్మాయికి సగం మార్కు ఇవ్వండి, మొత్తం కొట్టేయకండి.

తెలుగు నుంచి ఇంగ్లీషుకు వెళ్ళేటప్పుడు ఇదే చిక్కు తిరగబడుతుంది. 'నాకు ఈ పాఠం కష్టం' అనుకుని 'ఐ యామ్ డిఫికల్ట్ టు అండర్‌స్టాండ్ దిస్ లెసన్' అని రాస్తారు. అక్కడ కష్టమైనది పాఠం కాదు, పిల్లవాడే అయిపోతాడు! 'హావ్ డిఫికల్టీ' తర్వాత 'టు' రాదు, 'స్పీకింగ్' అనో 'ఇన్ స్పీకింగ్' అనో రావాలి.

పత్రికల వాళ్ళకూ ఒక మాట. 'కష్టతరం' అంటే 'మరింత కష్టం' అని. పోలిక లేని చోట ఆ 'తర' ఎందుకు? 'ప్రజలు ఇబ్బందులను ఎదుర్కొంటున్నారు' అని రాయడం కన్నా 'ఇబ్బంది పడుతున్నారు' అనడంలో ఏం తక్కువైంది?

అసలు కష్టం అన్న మాట లేకుండానే ఈ భావం చెప్పడం తెలుగుకు బాగా వచ్చు. రథసప్తమి నాడు అరసవల్లిలో దర్శనం ఓ పట్టాన దొరకదు. సిరిమాను ఉత్సవం నాడు విజయనగరం మూడు లాంతర్ల దగ్గర అడుగు తీసి అడుగు వెయ్యలేం. 'ఓ పట్టాన'లో ఉన్నది పట్టుకోవడంలోని పట్టే అని నా అభిప్రాయం: ఒక్క పట్టుకు లొంగదని. ఆ మాట వచ్చాక వ్యతిరేక క్రియ రావలసిందే. 'ఓ పట్టాన దొరికింది' అనం. పని చివరికి అయిందని చెప్పాలంటే 'కష్టమ్మీద' ఉంది.

శ్రీముఖలింగం పక్కన పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులుగారు సవర భాష నేర్చుకుని, దానికి వ్యాకరణమూ నిఘంటువూ రాశారు. ఆయన ఆ భాష మాట్లాడే సవరల నోటి మాట నుంచే మొదలుపెట్టారు. మీరూ అలాగే చెయ్యవచ్చు. పుస్తకం కొరుకుడు పడకపోతే ఇంట్లో అమ్మకు ఎలా చెబుతావని ఆ అమ్మాయిని అడగండి. మన వైపు పిల్లయితే 'ఈ పుస్తకం నాను సదవనేకపోతన్నానమ్మా' అంటుంది. దాన్ని బోర్డు మీద రాసి, దాని పక్కన ఇంగ్లీషు వాక్యం రాయించండి.