తప్పు ఫైల్‌ను దిద్దొద్దు, వెనక్కి పంపు

నాయనా,

తాడిపత్రిలో గ్రానైట్ చెక్కే షాపులో చేరావని, చెక్కే మెషీన్‌ను నడిపే లైనక్స్‌సీఎన్‌సీ సాఫ్ట్‌వేర్‌లో కమాండ్ల ఫైళ్లు చెక్ చేసే స్క్రిప్ట్ రాయమని మీ ఓనర్ చెప్పాడని మీ అమ్మ ఫోన్ చేసింది. మంచి పని, తప్పకుండా రాయి.

కడపలో నేను తలుపుల మీద డిజైన్లు కొట్టేటప్పుడు ఒకరోజు 35 మిల్లీమీటర్ల టేకు తలుపు బిగించి ఫైల్ లోడ్ చేశాను. అందులో అంగుళాలని చెప్పే జీ20 లేదు, మిల్లీమీటర్లని చెప్పే జీ21 లేదు. అంతకుముందు నడిచింది అంగుళాల ఫైల్, ఫైల్ ముగిసిందని చెప్పే ఎం30 వచ్చినంత మాత్రాన కంట్రోలర్ యూనిట్ మార్చుకోదు కదా, దాంతో జెడ్ మైనస్ 3 అంటే మూడు మిల్లీమీటర్ల లోతు అనుకున్నది 76.2 మిల్లీమీటర్లయింది. బిట్ తలుపును తొలిచేసి బెడ్‌లోకి దిగి విరిగింది. అంత మంచి టేకు పోయిందని ఇప్పటికీ బాధే.

అందుకే స్క్రిప్ట్ మొదట యూనిట్ చూడాలి, లేకపోతే ఫైల్ వెనక్కి. నువ్వే జీ21 చేర్చేద్దామని మాత్రం అనుకోవద్దు, డిజైన్ ఎవరు ఏ యూనిట్‌లో గీశారో స్క్రిప్ట్‌కు ఎట్లా తెలుస్తుంది?

లైనక్స్‌సీఎన్‌సీ సెట్టింగులు ఉండే ఐఎన్ఐ ఫైల్‌లో ఫిల్టర్ అని ఒక సెక్షన్ ఉంటుంది, ఏ ఎక్స్‌టెన్షన్‌కు ఏ ప్రోగ్రామ్ నడపాలో అక్కడ రాస్తే ఫైల్ తెరిచిన ప్రతిసారీ నీ పైథాన్ స్క్రిప్ట్ ముందు చదువుతుంది. అది ప్రింట్ చేసిందే మెషీన్‌కు పోతుంది. కాబట్టి ఒక్కో లైన్ చదువుతూ ప్రింట్ చేసుకుంటూ పోవద్దు, ఫైలంతా చదివి అన్నీ సరిపోయాకే ఒకేసారి వదులు. తప్పు దొరికితే, అది లైనక్స్‌సీఎన్‌సీకి తెలిసేలా, సున్నా కాని ఎగ్జిట్ కోడ్‌తో బయటికి రా.

ఇక బిట్ బెడ్ దాటి పోతుందా అని చూసే లెక్కలు. ముందు బ్రాకెట్లలోని కామెంట్లు తీసేయ్, లేకపోతే కామెంట్‌లో ఉన్న టీ3ని కూడా టూల్ నంబరే అనుకుంటుంది. తిన్నగా గీత కొట్టమనే జీ1 ఒకసారి రాస్తే తర్వాతి లైన్లకూ అదే వర్తిస్తుంది, జీ91 ఉంటే ప్రతి దూరం ముందు పాయింట్ నుంచే లెక్క కాబట్టి కూడుకుంటూ పోవాలి. జీ2, జీ3 వంపుల్లో చివరి పాయింట్ చూస్తే చాలదు, రెండు చివర్లూ బెడ్ లోపలే ఉన్నా మధ్యలో వంపు బయటికి పోవచ్చు. చాలామంది తప్పేది ఇక్కడే. పెన్‌డ్రైవ్ తొందరపడి పీకితే ఫైల్ సగమే వస్తుంది, చివర్లో ముగింపు చెప్పే ఎం2 గానీ ఎం30 గానీ ఉందో లేదో చూడు.

మీది రాయి పని. నీళ్ల పంపు ఎం8 అనే కమాండ్‌తో ఆన్ అయ్యేట్టు కలిపి ఉంటే, జెడ్ సున్నా కిందికి దిగకముందే ఎం8 వచ్చిందో లేదో చూడాలి. నీళ్లు లేకుండా గ్రానైట్‌లో దిగితే డైమండ్ బిట్ కాలిపోతుంది.

మెసేజ్‌లో లైన్ నంబర్, కారణం తెలుగులో రాయి. రాత్రి షిఫ్ట్‌లో ఉండే అబ్బాయికి 'ఎర్రర్' అని కనిపిస్తే ఏం అర్థమవుతుంది, టెన్షన్ తప్ప? కావాలని చెడగొట్టిన ఫైళ్లు ఒక పది చేసుకో, ఒక్కో దాంట్లో ఒక్కో తప్పు, స్క్రిప్ట్ మార్చినప్పుడల్లా అన్నీ నడుపు. స్క్రిప్ట్ ఏ ఫైల్‌ను ఆపకుండా వదిలిందో అది నాకు పంపు, ఆదివారం కూర్చుని చూద్దాం.

మీ చిన్నాయన