గోదావరిల నెత్తళ్లు దొరుకుతయా?
కాళేశ్వరం కాడ గోదావరిల నెత్తళ్లు పడ్తయా అని అడిగిండ్రు కదా, పడయ్ అన్నా, మన వరంగల్ అంగట్ల అమ్మే ఎండు నెత్తళ్లు సముద్రం సరుకే. కానీ ఆ కుటుంబంల నది చాపలు కూడా ఉన్నయ్, బెంగాల్ దిక్కు హుగ్లీల ఫాసా అని దొరుకుతది, ఉప్పునీళ్లు మంచినీళ్లు కలిసే కాడ బతుకుతది, గంగల పైకి కూడా పోతది. గుర్తుపట్టుడు ఈజీ, నోరు కన్ను దాటి ఎనకదాకా చీలి ఉంటది, పక్క రెక్క ముందుపుల్ల దారం లెక్క పొడుగ్గ ఏలాడతది. చిన్న రొయ్యలు గిట్ల తింటది. ముండ్లు మాత్రం మస్తు, పిల్లలకు పెట్టకుండ్రి. అమెజాన్ల అయితే సముద్రం మొఖమే చూడని జాతులున్నయ్, అందుల ఒకటి 2 సెంటీమీటర్లు కూడా పెరగదు. మన గోదావరిల కిందికెళ్లి ఏదన్న ఎక్కుదామన్నా ధవళేశ్వరం ఆనకట్ట అడ్డం, పులసకే ఆడ ఆగుడు తప్పట్లే.