మాటర్‌హార్న్: సోల్వే గుడిసెలో రాత్రి ఆగొచ్చా?

స్విట్జర్లాండ్-ఇటలీ సరిహద్దులోని మాటర్‌హార్న్ శిఖరాన్ని స్విస్ వైపు హోర్న్లి రిడ్జ్ (కొండ అంచు) మీదుగా, దారిలో సోల్వే గుడిసెలో పడుకుని రెండు రోజుల్లో ఎక్కుదామన్న మీ ప్లాన్ కుదరదండీ. 4003 మీటర్ల దగ్గరున్న ఆ చిన్న చెక్క గది ఆపదలో చిక్కుకున్నవాళ్లకే. కొండ కింద ఉన్న జెర్మాట్ ఊరి నుంచి కేబుల్ కారులో ష్వార్జ్‌సే చేరి, నడిచి 3260 మీటర్ల హోర్న్లి హట్‌లో పడుకోండి. తెల్లారకముందే బయల్దేరి, ఇంకో 1200 మీటర్లు ఎక్కి అదే రోజు దిగాలి.

శిఖరం చేరే రోజు ఎక్కాల్సిన ఎత్తు తగ్గాలంటే ఇటలీ వైపు లయన్ రిడ్జ్ నయం, కారెల్ హట్ 3830 మీటర్లలో ఉంది. కాకపోతే అక్కడ కట్టి ఉంచిన లావుపాటి తాళ్లు పట్టుకుని పైకి లాక్కోవాలి, జబ్బలు పీకేస్తాయి.

ఎటైనా దిగడానికి ఎక్కినంత టైమ్ ఉంచుకోండి. 1865లో మొదటిసారి ఎక్కిన ఏడుగురిలో నలుగురు పోయింది దిగేటప్పుడే. హోర్న్లి మీద దారి తప్పితే అన్నీ వదులు రాళ్లే. పట్టుకునే ముందు అరచేత్తో తట్టండి, డొల్లగా మోగితే వదిలేయండి.